మోడల్ సరిగ్గానే ఉంది, డ్రాయింగ్ ఎందుకు తిరిగొస్తోంది? ఒక డిజైన్ అప్రెంటిస్ కేసు

డిజైన్ అప్రెంటిస్ గీసిన డ్రాయింగ్ చెకింగ్ నుంచి ఎర్ర గీతలతో తిరిగి రావడం మామూలే. నేర్చుకునే దశలో అది రావాలి కూడా. కానీ శిక్షణ ఇచ్చాక కూడా అదే తీరు తప్పులు వేరే రూపంలో వస్తూనే ఉంటే, లోపం ఆ కుర్రాడి శ్రద్ధలో ఉందా, మనం అతనికి పని చూపిస్తున్న తీరులో ఉందా అని ఆగి చూడాలి. మెకానికల్ డిజైన్ బృందంలో పని చేస్తూ అప్రెంటిస్‌లకు మెంటర్‌గా ఉన్న నాకు ఈ కేసు చాలా నేర్పింది. వ్యక్తినీ సంస్థనూ గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. పార్టు ఆకారాన్ని, కొలతలను కూడా మార్చాను. లెక్కలు మాత్రం ఎవరైనా వేసి చూసుకోగలిగేలా ఉంచాను.

నేపథ్యం

అతను డిప్లొమా పూర్తి చేసి అప్రెంటిస్‌గా చేరాడు. వారంలో కొంత సమయం క్లాసులు, మిగతాది ఆఫీసు. కొన్ని నెలలకొకసారి విభాగం మారే రొటేషన్ పద్ధతి. మా దగ్గరికి వచ్చేసరికి అతనికి క్యాడ్ (కంప్యూటర్‌లో పార్టు మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్) బాగా వచ్చు. మా బృందంలో చాలామంది కంటే వేగంగా మోడల్ కట్టగలడు. స్కెచ్‌లన్నీ పూర్తిగా కన్‌స్ట్రెయిన్ చేసి (ప్రతి గీత స్థానం, కొలత స్థిరపరిచి) ఉంటాయి. ఫీచర్‌లకు అర్థమయ్యే పేర్లు పెడతాడు. లాగ్‌బుక్ ఏ రోజుకారోజు రాస్తాడు. ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానో తర్వాత అర్థమవుతుంది.

పెద్ద కంపెనీలో అప్రెంటిస్ జీవితం ఎలా ఉంటుందో తెలియకపోతే ఈ కేసు సగమే అర్థమవుతుంది. చిన్న వర్క్‌షాపులో అయితే గీసినవాడే పక్క గదిలోకి వెళ్లి, పార్టు మెషీన్ మీద ఎలా బిగుస్తుందో చూస్తాడు. పెద్ద సంస్థలో డ్రాయింగ్ ఒక ఫైలుగా బయలుదేరి చాలా చేతులు మారుతుంది. డిజైనర్ గీస్తాడు, చెకర్ చూస్తాడు, ఇంకొకరు అప్రూవ్ చేస్తారు. తర్వాత అది డ్రాయింగ్‌లనూ వాటి మార్పులనూ నిర్వహించే పీఎల్ఎం సిస్టమ్‌లో రిలీజ్ అవుతుంది, పర్చేజ్‌కో తయారీకో వెళ్తుంది. పార్టు తయారై ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అప్పటికి అప్రెంటిస్ వేరే విభాగంలో ఉంటాడు. తాను గీసిన పార్టును చేత్తో పట్టుకోకుండానే శిక్షణ ముగించుకునే వాళ్లున్నారు.

దానికి తోడు చుట్టూ అందరూ హెడ్‌సెట్‌లు పెట్టుకుని మీటింగ్‌లలో ఉంటారు. మాటల్లో సగం పొట్టి అక్షరాలే. ఏ ఫోల్డర్‌కు పర్మిషన్ లేదో, దాన్ని ఎవరిని అడగాలో తెలియదు. ఒక ప్రశ్న అడగాలంటే ఎవరి పనికో అడ్డు పడాలి. కొత్తగా చేరిన వాళ్లలో చాలామంది ఆ స్థితిలో అడగడం మానేసి, తమకు వచ్చిన పనిని ఇంకా గట్టిగా చేస్తారు. ఇతనూ అదే చేశాడు.

సమస్య

పని ఒక బ్రాకెట్. గేర్‌బాక్స్ హౌసింగ్ మీద కూర్చుని ఒక సెన్సర్‌ను పట్టుకోవాలి. అడుగు ముఖం హౌసింగ్ మీద ఆనుతుంది. రెండు డోవెల్ పిన్‌లు దాని స్థానాన్ని నిర్ణయిస్తాయి. నాలుగు ఎం8 (8 మి.మీ. వ్యాసం) బోల్టులు బిగించి ఉంచుతాయి. నిలువు గోడలో 25 మి.మీ. బోర్, అందులో సెన్సర్ హోల్డర్. ఆ బోర్ మధ్యగీత అడుగు ముఖం నుంచి 110 మి.మీ. ఎత్తులో, ±0.1 లోపల ఉండాలి. ఎందుకంటే సెన్సర్ ఎదురుగా తిరిగే చక్రంతో సరిగ్గా వరసలో ఉండాలి.

డ్రాయింగ్ చెకింగ్‌కు వెళ్లింది, నిండా ఎర్ర గీతలతో వచ్చింది. సరిచేసి పంపాడు. పాత గీతలు పోయి కొత్తవి వచ్చాయి. మళ్లీ పంపాడు. షెడ్యూల్ మీద ఒత్తిడి మొదలైంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేవాడు, సాయంత్రం అందరూ వెళ్లాక కూడా ఉండేవాడు. స్టేటస్ అడిగితే "అయిపోతుంది సార్" అనేవాడు. చెకర్ కామెంట్లన్నీ సిస్టమ్ ద్వారా వచ్చేవి, చాలా క్లుప్తంగా: "డైమెన్షన్ స్కీమ్ సరిచేయాలి", "డేటమ్ సరికాదు", "టాలరెన్స్ చూడండి". డేటమ్ అంటే కొలతలకు ఆధారంగా తీసుకునే ముఖం, టాలరెన్స్ అంటే కొలతలో అనుమతించే తేడా. ఏది ఎందుకు సరికాదో ఆ కామెంట్లలో ఉండేది కాదు.

బృందంలో ఒక మాట పుట్టింది: "కుర్రాడు మంచివాడే గానీ డీటెయిల్ మీద శ్రద్ధ లేదు." అప్రెంటిస్ ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఆ ఒక్క మాట ఎక్కితే తర్వాతి విభాగం కూడా అతన్ని ఆ కళ్లతోనే చూస్తుంది. శ్రద్ధ లేనివాడి లాగ్‌బుక్ అలా ఉండదని, స్కెచ్‌లు అంత శుభ్రంగా ఉండవని నాకు అనిపించింది. కానీ అనిపించడం వేరు, కారణం చూపించగలగడం వేరు.

మొదట చేసినవి, అవి ఎందుకు నిలవలేదు

అందుబాటులో ఉన్న మొదటి వివరణ: స్టాండర్డ్‌లు తెలియవు. కామెంట్లలో డేటమ్, టాలరెన్స్ అనే మాటలే ఎక్కువ కాబట్టి ఇది సహజమైన ఊహ. అతన్ని జ్యామితీయ టాలరెన్సింగ్ కోర్సుకు పంపాం, డ్రాయింగ్ పంపే ముందు చూసుకోవడానికి ఒక చెక్‌లిస్ట్ ఇచ్చాం. కోర్సు పరీక్షలో అతనికి మంచి మార్కులు వచ్చాయి.

తర్వాత వచ్చిన డ్రాయింగ్‌లో గుర్తులు ఎక్కువయ్యాయి. ప్రతి రంధ్రానికి పొజిషన్ టాలరెన్స్ (రంధ్రం స్థానంలో అనుమతించే తేడా), దాన్ని రాసే ప్రతి గడి(ఫ్రేమ్)లోనూ ఏ, బీ, సీ డేటమ్‌లు వరస తప్పకుండా. రాసిన పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ డేటమ్ ముఖాలు ఏవో చూస్తే మూడింట్లో రెండు బ్రాకెట్ బయటి అంచులు. హౌసింగ్‌కు అవి ఎక్కడా తగలవు. చెక్‌లిస్ట్‌లో "డేటమ్‌లు చూపించారా?" అని ఉంది, చూపించాడు, టిక్ పెట్టాడు. "ఈ ముఖమే డేటమ్ ఎందుకు?" అని చెక్‌లిస్ట్ అడగలేదు.

అసలు స్టాండర్డ్‌లు తెలియవన్న ఊహ అప్పటికే బలహీనంగా ఉంది. 25 బోర్‌కు అతను హెచ్7 ఇచ్చాడు, హోల్డర్‌కు జీ6; ఇవి రెండు పార్టులు ఎంత బిగువుగా జతపడాలో (ఫిట్) చెప్పే పట్టికలోని తరగతులు. పట్టిక చూడకుండానే చెప్పాడు: బోర్ 25.000 నుంచి 25.021 వరకు, హోల్డర్ 24.980 నుంచి 24.993 వరకు, మధ్య ఖాళీ 7 నుంచి 41 మైక్రాన్‌లు. ఫిట్‌లు అర్థమైన వాడే ఆ మాట చెప్పగలడు. పట్టికలో దొరికే ప్రతిదీ అతని డ్రాయింగ్‌లో సరిగ్గా ఉంది. పట్టికలో దొరకనివే తప్పుగా ఉన్నాయి. ఆ తేడాను అప్పుడే పట్టుకుని ఉంటే దారి కుదించుకునేవాళ్లం.

రెండో ఆలోచన బృందం నుంచి వచ్చింది: పని బరువు ఎక్కువైంది, చిన్నవి ఇద్దాం. స్పేసర్‌లు, సాదా ప్లేట్లు, పాత డ్రాయింగ్‌లలో టైటిల్ బ్లాక్ మార్పులు. ఆత్మవిశ్వాసం పెరుగుతుంది, తప్పులు తగ్గుతాయి అన్న వాదనలో న్యాయం ఉంది. తప్పులు తగ్గాయి కూడా. కానీ స్పేసర్‌కు కావలసినవి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మాత్రమే. డైమెన్షన్‌ను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్న నిర్ణయమే అందులో రాదు. రోగం బయటపడే సందర్భాన్ని తీసేసి, రోగం తగ్గిందనుకున్నట్టయింది. పైగా తనకు పని తగ్గించారని అతనికి తెలుసు. మధ్యాహ్నం మాతో పాటు కూర్చోవడం మానేశాడు.

బ్రాకెట్ తిరిగి అతని చేతికి ఇచ్చినప్పుడు కొత్త లక్షణం కనిపించింది. దాదాపు ప్రతి కొలతకూ ±0.02 ఇచ్చాడు. అడిగితే, "టాలరెన్స్ చూడమన్నారు కదా సార్, టైట్ చేశాను" అన్నాడు. మెషీన్ షాప్ అంచనా కోసం పంపితే, ఎవరికీ తగలని పై అంచుకు కూడా ఈ ఖచ్చితత్వం నిజంగా కావాలా అని అక్కడి నుంచి ప్రశ్న వచ్చింది. విమర్శ వచ్చాక టాలరెన్స్‌లు బిగించడం కొత్తవాళ్లలో చాలాసార్లు చూశాను. ఏ కొలత ముఖ్యమో తెలియనప్పుడు అన్నీ ముఖ్యమే అనుకోవడం భయంలో సహజం. ఆ బిల్లు మాత్రం తయారీ వాళ్ల మీద పడుతుంది.

అసలు కారణం ఎలా దొరికింది

చెకర్ కామెంట్లను పక్కనపెట్టి, డ్రాయింగ్‌నూ మోడల్ ఫీచర్ ట్రీనూ (మోడల్ ఏ క్రమంలో కట్టారో చూపే జాబితా) పక్కపక్కన తెరిచి చూశాను. కామెంట్లు ఎంత చదివినా ఏం తప్పో తెలుస్తుంది తప్ప, అతను ఆ కొలతను అక్కడ ఎందుకు పెట్టాడో తెలియదు. అది అతను పనిచేసిన క్రమంలోనే దొరకాలి.

దొరికింది. మొదటి స్కెచ్ ఒక దీర్ఘచతురస్రం, ఎడమ కింది మూల ఒరిజిన్ మీద. ఎత్తు 150. తర్వాత పై అంచు నుంచి 40 కిందికి బోర్ కేంద్రం. తర్వాత ఎడమ అంచు నుంచి రంధ్రాలు. డ్రాయింగ్‌లో ఉన్నవి సరిగ్గా అవే కొలతలు, అదే క్రమంలో. ఏ, బీ, సీ డేటమ్‌లు మోడల్‌లో మొదటి నుంచీ ఉండే మూడు డీఫాల్ట్ ప్లేన్‌ల మీద పడిన ముఖాలే.

పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఈ 40 ఎక్కడి నుంచి వచ్చింది?"

"స్కెచ్‌లో అలాగే ఇచ్చాను సార్."

"స్కెచ్‌లో పై అంచు నుంచి ఎందుకు ఇచ్చావు?"

కాసేపు ఆలోచించాడు. "ఆ గీత దగ్గరగా ఉంది సార్."

ఈ జవాబు నాకు చాలా విలువైనది. స్కెచ్‌ను కన్‌స్ట్రెయిన్ చేయడానికి ఏ గీత నుంచి కొలత ఇచ్చినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుంది. ఆకారం ఒకటే వస్తుంది. మోడల్‌లో 150, 40 ఇచ్చినా, నేరుగా 110 ఇచ్చినా బోర్ అక్కడే ఉంటుంది. మోడల్‌కు టాలరెన్స్ అంటే తెలియదు, అందులో ప్రతి కొలతా ఖచ్చితం. పైగా చాలా సాఫ్ట్‌వేర్‌లు మోడల్ కొలతలను ఒక్క క్లిక్‌తో డ్రాయింగ్‌లోకి తెచ్చిపెడతాయి. అలా తాను మోడల్ కట్టిన కథే డ్రాయింగ్‌లోకి వచ్చేసింది. పార్టు ఎలా కూర్చుంటుంది, ఏం పట్టుకుంటుంది అన్న కథ ఎక్కడా రాలేదు.

కాగితం మీద లెక్క వేశాం. ఆ డ్రాయింగ్‌కు సాధారణ టాలరెన్స్ (విడిగా టాలరెన్స్ రాయని కొలతలకు వర్తించేది) ఐఎస్ఓ 2768, ఎం తరగతి. దాని ప్రకారం 120 దాటి 400 వరకు ఉన్న కొలతకు ±0.5, 30 దాటి 120 వరకు ±0.3. అంటే 150 ఎత్తుకు ±0.5, 40కి ±0.3. బోర్ ఎత్తు ఈ రెండింటి తేడా కాబట్టి, రెండు టాలరెన్స్‌లూ కలుస్తాయి. 110కి ±0.8. అంటే బోర్ 109.2 దగ్గరున్నా 110.8 దగ్గరున్నా డ్రాయింగ్ ప్రకారం ఆ పార్టు మంచిదే, ఇన్‌స్పెక్షన్ పాస్ చేయాలి. మనకు కావలసింది ±0.1. వర్గాల మొత్తానికి వర్గమూలం తీసే గణాంక పద్ధతిలో చూసినా ±0.58 వస్తుంది. ఎటు చూసినా కుదరదు.

అతను వెంటనే తన ±0.02 డ్రాయింగ్ తీశాడు. "ఇందులో అయితే ±0.04 వస్తుంది కదా సార్, సరిపోతుంది." నిజమే, సరిపోతుంది. అందుకే ఆ అలవాటు ప్రమాదకరం. ఏ పనీ లేని పై అంచును ఎంతో ఖర్చుతో మెషీన్ చేయించి, దాని మీద నిలబడి బోర్‌ను కొలుస్తున్నాం. 110ని అడుగు ముఖం నుంచి నేరుగా ఇచ్చి దానికి ఒక్కదానికే ±0.1 పెడితే, పై అంచు ఎలా ఉన్నా ఫరవాలేదు. ఈ మాట వినగానే అతను పెన్సిల్ తీసుకుని మిగతా రంధ్రాల మీద పడ్డాడు. అన్ని రోజుల తర్వాత అతను నన్ను వరసగా ప్రశ్నలు అడిగింది ఆ మధ్యాహ్నమే.

అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంస్థ వారి ఏఎస్ఎంఈ వై14.5 స్టాండర్డ్‌లోని మూల సూత్రాల్లోనే ఈ విషయం ఉంది. డైమెన్షన్‌లు పార్టు చేసే పనికీ, అది జతపడే పార్టులతో ఉన్న సంబంధానికీ తగ్గట్టు ఎంచుకోవాలి. కోర్సులో అతను అది చదివాడు. పార్టు ఏ పని చేస్తుందో ఎప్పుడూ చూడనివాడికి ఆ వాక్యం పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఏం మార్చాం

కారణం తెలిశాక మొదటి నిర్ణయం: మళ్లీ కోర్సు వద్దు, పార్టు దగ్గరికి తీసుకెళ్లాలి. బ్రాకెట్ ఇంకా తయారు కాలేదు కాబట్టి దాన్ని పోలిన పాత పార్టు ఒకటి ఇన్‌స్పెక్షన్‌లో వెతికాం. ఆ డ్రాయింగ్ కూడా ఎప్పుడో ఎవరో అంచుల నుంచి కొలతలిచ్చి గీసిందే. కావాలనే దాన్ని ఎంచుకున్నాను. సరైన డ్రాయింగ్ చూపిస్తే అంతా సాఫీగా జరిగిపోతుంది, చూడటానికి ఏమీ మిగలదు.

ఇన్‌స్పెక్టర్ పార్టును సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే చదునైన బల్ల) మీద అడుగు ముఖం ఆనేలా పెట్టారు. ఎవరూ చెప్పలేదు, అది అలాగే కూర్చుంటుంది. హైట్ గేజ్‌తో బోర్ ఎత్తు తీసుకున్నారు, తర్వాత పై అంచు ఎత్తు తీసుకున్నారు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి డ్రాయింగ్‌లోని సంఖ్యతో పోల్చారు. పై అంచు గరుకుగా ఉంది కాబట్టి ఈ చివర ఒక రీడింగ్, ఆ చివర ఇంకో రీడింగ్. "ఇందులో ఏది రాయమంటావు బాబూ?" అని అతన్నే అడిగారు. అతను పార్టు వంక, డ్రాయింగ్ వంక మార్చి మార్చి చూశాడు. డేటమ్‌గా ఎంచుకున్న ముఖం పార్టు ఆనే ముఖమై ఉండాలని, ఎవరు కొలిచినా ఒకే రీడింగ్ వచ్చేంత స్థిరంగా ఉండాలని ఎన్ని స్లయిడ్‌లలో చెప్పినా ఆ ఒక్క ప్రశ్నకు సాటి రాదు.

తర్వాత అసెంబ్లీ. అక్కడ ఎం8 బోల్టుల సంగతి తేలింది. అతను రంధ్రాలకు 8.4 ఇచ్చాడు. బోల్టు రంధ్రాల సైజులు చెప్పే ఐఎస్ఓ 273లో అది ఫైన్ శ్రేణి, మీడియం అయితే 9. ఎందుకు 8.4 అంటే, "టైట్‌గా ఉంటే బ్రాకెట్ కదలదని" అన్నాడు. అసెంబ్లీలో ఒక అన్న రెండు డోవెల్‌ల మీద బ్రాకెట్ కూర్చోబెట్టి, బోల్టులు వేయకముందే చేత్తో ఊపమన్నాడు. కదలలేదు. స్థానం చెప్పేది పిన్‌లు, బోల్టులు బిగించడానికే. హౌసింగ్‌లో మరలు ఉన్న రంధ్రాలు, బ్రాకెట్‌లో సాదా రంధ్రాలు అయినప్పుడు రెండింటికీ సమానంగా పంచితే, పొజిషన్ టాలరెన్స్ రంధ్రానికీ బోల్టుకూ మధ్య తేడాలో సగం. 8.4 అయితే చెరో 0.2, 9 అయితే చెరో 0.5. అవసరం లేని చోట 8.4 ఇచ్చి రెండు పార్టుల తయారీనీ కష్టం చేస్తున్నామని అతనే లెక్క చెప్పాడు. రెండో డోవెల్‌కు గుండ్రని రంధ్రం బదులు కోలగా ఎందుకు ఉందో కూడా అక్కడే అడిగి తెలుసుకున్నాడు. రెండూ గుండ్రంగా ఉంటే పిన్‌ల మధ్య దూరంలో ఏ కాస్త తేడా వచ్చినా బ్రాకెట్ దిగదు.

రెండో మార్పు: క్యాడ్ తెరవక ముందు ఒక కాగితం. చేత్తో గీసిన బొమ్మ, పక్కన కొన్ని జవాబులు. ఈ పార్టు దేని మీద ఆనుతుంది? దాని స్థానాన్ని ఏది నిర్ణయిస్తుంది? ఏది బిగిస్తుంది? దేనికి తగలకూడదు? ఏ కొలత తప్పితే యంత్రం పని చేయదు? ఈ కాగితం మీద మేం మాట్లాడుకున్నాకే మోడల్. మోడల్‌ను కూడా ఆనే ముఖం నుంచి మొదలుపెట్టి కట్టాలి. అప్పుడు మోడల్ కొలతలను డ్రాయింగ్‌లోకి తెచ్చుకున్నా నష్టం లేదు, ఎందుకంటే రెండు కథలూ ఒకటే అవుతాయి. ఆ సౌకర్యాన్ని వాడొద్దని చెప్పడం కంటే ఇదే మేలనిపించింది. రోజంతా క్యాడ్‌లో ఉండేవాడిని క్యాడ్ సదుపాయానికి దూరంగా ఉండమంటే ఎన్నాళ్లు ఉంటాడు?

షెడ్యూల్ ఇప్పటికే వెనకబడింది, ఇప్పుడు కాగితాలేంటి అని మేనేజర్ నుంచి అభ్యంతరం వచ్చింది. డ్రాయింగ్ చెకింగ్‌కూ మా బల్లకూ మధ్య తిరగడంలో పోతున్న సమయాన్ని ఆయన ముందు పెట్టాను. ఒక్క బ్రాకెట్‌కు చేసి చూద్దామని ఒప్పుకున్నారు.

మూడోది ఎక్కువ ఆలోచించాల్సి వచ్చిన విషయం: చెకర్‌తో మాట్లాడటం. ఎర్ర గీత పక్కన కారణం ఒక్క వాక్యం రాయమని, వీలైతే ముఖాముఖి కూర్చోమని అడిగాను. ఆయన సంకోచించారు, ఆ సంకోచంలో బలమైన కారణం ఉంది. చెకర్ స్వతంత్రంగా ఉండాలి. ఎలా గీయాలో ఆయనే చెబితే, తర్వాత తన సొంత సమాధానాన్నే తాను చెక్ చేసుకున్నట్టవుతుంది, తప్పు కనిపించదు. ఆ మాటను తోసిపుచ్చి ఉంటే అప్రెంటిస్‌కు మేలు జరిగేదేమో గానీ డ్రాయింగ్‌లకు కీడు జరిగేది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. చెకింగ్ అయ్యేవరకు చెకర్ సమాధానం చెప్పరు, ఏ పని దెబ్బతింటుందో మాత్రం రాస్తారు. "డేటమ్ సరికాదు" బదులు "ఈ ముఖం హౌసింగ్‌కు తగలదు". సమాధానం అతనే వెతుక్కోవాలి. డ్రాయింగ్ రిలీజ్ అయ్యాక వారంలో ఒక నిర్ణీత సమయంలో ఇద్దరూ కూర్చుని మొత్తం మాట్లాడుకుంటారు.

ఆ నిర్ణీత సమయం వల్ల నేను అనుకోని లాభం కూడా కలిగింది. ఎవరి పనికి అడ్డు పడుతున్నానో అన్న టెన్షన్ లేకుండా అడిగే చోటు అతనికి దొరికింది. వారమంతా ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకుని తెచ్చేవాడు. వాటిలో కొన్ని మా బృందంలో ఎవరికీ వెంటనే జవాబు తెలియనివి.

టాలరెన్స్‌ల భయానికి వేరే మందు కావలసి వచ్చింది. సాధారణ టాలరెన్స్ కంటే బిగువుగా ఉన్న ప్రతిదానికీ ఎవరికి కావాలో చెప్పమన్నాను. సెన్సర్‌కా, పిన్‌కా, బేరింగ్‌కా? ఎవరి పేరూ రాకపోతే సాధారణ టాలరెన్స్‌కు వదిలేయాలి. మొదట్లో వదిలేయడానికి చెయ్యి రాలేదు. తప్పు జరిగితే తన మీదకు వస్తుందన్న జంకు పోవడానికి, వదిలేసిన కొలతల మీద చెకర్ గీత పెట్టకపోవడం అతను కొన్నిసార్లు కళ్లారా చూడాల్సి వచ్చింది.

ఏం జరిగింది

బ్రాకెట్ తర్వాతి రివిజన్‌లో కామెంట్లు ఉన్నాయి, కానీ ఒక నోట్ స్పష్టంగా లేకపోవడం, ఒక వ్యూ అక్కర్లేకపోవడం లాంటివి. ట్రయల్ అసెంబ్లీలో షిమ్‌లు (సందు నింపే పలుచని రేకులు) పెట్టాల్సిన అవసరం లేకుండా సెన్సర్ వరసలో కూర్చుంది. అతని రొటేషన్ ముగిసే లోపే పార్టు రావడం అదృష్టం. దాన్ని చేత్తో తిప్పి చూసుకున్నాక, ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ మొత్తం చదవడానికి అనుమతి అడిగాడు.

అన్నీ ఒక్కసారే బాగుపడలేదు. ఆ తర్వాత ఇచ్చిన పోత కవర్‌కు అది ఆనే ముఖాన్నే డేటమ్‌గా ఎంచుకున్నాడు, కానీ అది మెషీన్ చేయని పోత ముఖం. మొత్తం ముఖాన్ని డేటమ్ చేస్తే అది ప్రతిసారీ వేరే మూడు చోట్ల ఆనుతుంది. అక్కడ డేటమ్ టార్గెట్‌లు (ముఖం మీద ఎంచుకున్న నిర్దిష్ట చోట్లు) కావాలి. ఈసారి చెకింగ్‌కు పంపక ముందే, "సార్, ఇది సర్ఫేస్ ప్లేట్ మీద ఊగుతుందేమో" అని వచ్చి అడిగాడు. పరిష్కారం తెలియకపోయినా సమస్యను ముందే చూడగలిగాడు. ఈ కేసులో నేను నమ్మకంతో చెప్పగల మెరుగుదల ఇదే.

అతని వేగం తగ్గింది. మోడల్ మొదలుపెట్టడానికి ముందు ఎక్కువ సమయం తీసుకునేవాడు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో వేగం గురించిన గడి ఒకటి ఉంటుంది, చెకింగ్ నుంచి తిరిగి రాని డ్రాయింగ్‌ల గురించి గడి ఉండదు. అందుకే వివరణ విడిగా రాసి జతచేశాను, "శ్రద్ధ లేదు" అన్న మాట తప్పని ఆధారాలతో సహా.

ఇందులో మెంటర్‌లకు పనికొచ్చేవి

మా బృందంలో ఇప్పుడు కొత్త అప్రెంటిస్ మొదటి వారాల్లోనే రిలీజ్ అయిన పాత డ్రాయింగ్ ఒకటి పట్టుకుని, ఆ పార్టు ఇన్‌స్పెక్షన్‌లోనూ అసెంబ్లీలోనూ ఎలా ప్రయాణిస్తుందో చూసి రావాలి. పనులు ఇచ్చేటప్పుడు, రొటేషన్ ముగిసేలోగా తయారై వచ్చే పార్టు కనీసం ఒకటి ఉండేలా చూస్తాం. పెద్ద సంస్థలో దీనికి ప్లానింగ్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి, దానంతట అది జరగదు.

ఈ కేసు చూసి ప్రతి అప్రెంటిస్‌నూ సర్ఫేస్ ప్లేట్ దగ్గరికి తీసుకెళ్తే చాలనుకోవద్దు. ఎర్ర గీతలకు కారణాలు వేరువేరుగా ఉంటాయి, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నేను ఇప్పుడు ముందుగా తప్పులు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తాను. క్రమం లేకుండా చెదిరి ఉంటే, ముఖ్యంగా సాయంత్రం పంపిన డ్రాయింగ్‌లలో ఎక్కువ ఉంటే, అలసట గురించి అడుగుతాను. చదువు, ఉద్యోగం రెండూ మోస్తున్న పిల్లలు పరీక్షల సమయంలో ఇలా అవుతారు, వాళ్లకు కావలసింది గడువులో సర్దుబాటు. తప్పులు వ్యూలలో ఉంటే రెండు వ్యూలు ఇచ్చి మూడోది చేత్తో గీయమంటాను. గీయలేకపోతే ఆకారాన్ని ఊహించడంలోనే ఇబ్బంది ఉంది, దానికి సాధన వేరు. గుర్తుల రాతలో ఉంటే కోర్సు నిజంగానే పనిచేస్తుంది.

తప్పులు ఒక పద్ధతిలో ఉండి, మోడల్ మాత్రం శుభ్రంగా ఉంటే, ఒక కొలత మీద వేలు పెట్టి ఇది ఎవరికి కావాలని అడుగుతాను. "స్కెచ్‌లో అలాగే ఉంది" అన్న జవాబు వస్తే, అదే రోజు ఇన్‌స్పెక్షన్‌కు ఫోన్ చేసి ఎప్పుడు రావచ్చో కనుక్కుంటాను.